ప్రార్థనలో పండిన తల్లులను గౌరవించడం: విశాఖ సంఘాలకు ఒక సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో ఏ క్రైస్తవ సంఘానికి వెళ్ళినా, ఆరాధనకు అరగంట ముందే వచ్చి, పక్క ద్వారం దగ్గర కూర్చొని, కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతూ ఉండే వృద్ధ స్త్రీలు ఒకరిద్దరైనా కనిపిస్తారు. సంఘ వార్షికోత్సవంలో వారికి శాలువా కప్పి ఫొటో తీస్తారు. వారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఆదరణ కూడికలో నలుగురు లేచి, ‘గొప్ప ప్రార్థనాపరురాలు’ అని ఒకే మాట చెప్పి కూర్చుంటారు. ఆమె ఎవరెవరి కోసం ప్రార్థించారో, ఏ వేళ మోకరించారో, ఎన్నేళ్ళు అడిగినా జవాబు రాని ఏ మనవిని చివరిదాకా విడిచిపెట్టలేదో అడిగితే మాత్రం చెప్పగలిగేవారు ఉండరు. ఆ వివరాలను ఆమె బ్రతికి ఉండగానే ఎలా సేకరించాలో, వాటి ఆధారంగా ఆమెను ఎలా గౌరవించాలో, ఆమె ప్రార్థనను సంఘం ఎలా కొనసాగించాలో ఈ మార్గదర్శి వరుసగా వివరిస్తుంది.

దీనికి నమూనా అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలోనే ఉన్నది. యొప్పేలో తబితా చనిపోయినప్పుడు అక్కడి విధవరాండ్రు పేతురు ఎదుట ఆమె గుణగణాలను వర్ణించలేదు. ఏడుస్తూ నిలబడి, ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రాలను చూపించారు. చూపించడానికి ఏమైనా ఉన్నప్పుడే జ్ఞాపకం నిలుస్తుంది.

మన ప్రాంత చరిత్రలో ఈ లోటు పాతదే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ 1805లో విశాఖకు వచ్చారని, క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని సాగిందని చదువుతాము. అదే కాలంలో ఇక్కడి ఇళ్ళలో ఆ సువార్తను విని, పిల్లలకు చెప్పి నిలబెట్టిన స్త్రీల పేర్లు వెదికితే చేతికి చిక్కేవి బహు తక్కువ. ఒంగోలు ఈ విషయంలో కొంత అదృష్టానికి నోచుకున్నది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అక్కడి కొండ మీద ప్రార్థించిన అయిదుగురిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్ దంపతులతో, నర్సు అనే పేరుగల సహకారితో పాటు జూలియా, రూతు కూడా ఉన్నారని ఎవరో రాసిపెట్టబట్టి, ఆ ఇద్దరు తెలుగు స్త్రీల పేర్లు నేటికీ మనకు తెలుస్తున్నాయి.

మొదటి పని: ఎవరిని గౌరవించాలో నిర్ణయించడం

ఈ పనిని కాపరి ఒక్కరి మీద వదిలివేయకుండా నలుగురైదుగురితో చిన్న బృందం ఏర్పరచుకోవాలి. స్త్రీల సమాజంలో చాలా కాలంగా ఉన్న ఒక పెద్దావిడ, సంఘ రిజిస్టర్లు తెలిసిన ఒకరు, ఫోన్‌లో శబ్దాన్ని, చిత్రాన్ని చక్కగా నమోదు చేయగల యువతీ యువకులు ఇద్దరు ఉంటే సరిపోతుంది. కార్యక్రమానికి కనీసం రెండు మూడు నెలల ముందు పని మొదలుపెట్టాలి.

జాబితా వేసేటప్పుడు సంఘం తెలియకుండానే ఒక పొరపాటు వైపు జారిపోతుంది. ఎక్కువ కానుక ఇచ్చిన కుటుంబాల పెద్దలు, పాస్టరమ్మగార్లు, సంఘ పెద్దల తల్లులు ముందు గుర్తుకు వస్తారు. వారిలోనూ ప్రార్థనాపరులు ఉండవచ్చు, సందేహం లేదు. అయితే గుడి ఊడ్చి, దీపాలు తుడిచి, ఆ తరువాత అక్కడే మోకరించిన తల్లిని, ఇంట్లో తానొక్కతే విశ్వాసి అయినా ఆదివారం తప్పని కోడలిని, ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీని, మోకాళ్ళ నొప్పులతో అయిదేళ్ళుగా మంచం దిగలేక గుడికి రాని అవ్వను ఎవరో ఒకరు ప్రత్యేకంగా గుర్తు చేయాలి. అందుకు తేలికైన మార్గం ఒకటి ఉన్నది. ‘మీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ప్రార్థన కోసం ఎవరి తలుపు తట్టారు?’ అనే ఒక్క ప్రశ్నను ఒక ఆదివారం చీటీల మీద అందరి చేతా రాయించాలి. సంఘ కమిటీ ఊహించని పేర్లు వచ్చేది ఆ చీటీలలోనే.

కమిటీ పుస్తకాలలో ఈ స్త్రీలు కనిపించకపోవడానికి కారణం ఉన్నది. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది 1947లో కాగా, ఆ సంఘంలో తొలిసారి ఒక స్త్రీ పాస్టరుగా అభిషేకం పొందింది 1976లో; ఇ. పుష్పలలిత గారు నంద్యాల డయోసిస్‌కు బిషప్ అయి, ఆ సంఘపు తొలి మహిళా బిషప్‌గా నిలిచింది 2013లో. ఇప్పుడు ఎనభై దాటినవారు 1976 నాటికే సంసారంలో మునిగి ఉన్నారు. వేదిక మీద చోటు దొరకని ఆ తరం స్త్రీల పరిచర్య అంతా వంటిళ్ళలో, గృహ ప్రార్థనలలో, ఆసుపత్రి వరండాలలో సాగింది కనుక దానిని వెదకవలసినది కూడా అక్కడే.

ఒకేసారి పదిమందిని పెట్టుకోవద్దు. ఏడాదికి ముగ్గురు లేదా నలుగురు చాలు. పెద్ద జాబితా పెట్టుకుంటే మళ్ళీ శాలువాల వరుసే మిగులుతుంది.

రెండవ పని: అనుమతి

ఇది ఒక సంతకంతో అయిపోయే పని కాదు. ముందుగా ఆ తల్లినే అడగాలి. ‘నాదేముంది బాబూ, అంతా దేవుని కృప’ అని చాలామంది తప్పించుకుంటారు. ఆ మాట వినయమో, నిజమైన అయిష్టమో తెలుసుకోవడానికి మరొకసారి వెళ్ళి కూర్చోవాలి. నిజంగా ఇష్టం లేకపోతే అక్కడితో ఆపివేయాలి.

తరువాత కుటుంబాన్ని అడగాలి. కొన్ని ఇళ్ళలో కొడుకులు, కోడళ్ళు ఇతర ఆచారాలలో ఉంటారు. రాజ్యాంగం (షెడ్యూల్డ్ కులాలు) ఉత్తర్వు, 1950 ప్రకారం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే పరిమితమై ఉండడం వల్ల, ఆ గుర్తింపు పోతుందేమోనన్న భయంతో, ఇంట్లోని పెద్దావిడ ఫొటో సంఘ సంచికలోనో యూట్యూబ్‌లోనో రావడం కొన్ని కుటుంబాలకు ఇబ్బంది కలిగించవచ్చు. కారణం చెప్పమని వారిని ఒత్తిడి చేయకూడదు. సంఘంలో చెప్పడానికి, అచ్చు వేయడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి మూడు వేరు వేరు అనుమతులు తీసుకోవాలి. ఒకదానికి సరేనన్నవారు మిగిలిన రెండింటికీ సరేనన్నట్లు భావించకూడదు. నా అభిప్రాయంలో ప్రత్యక్ష ప్రసారం అసలు లేకపోవడమే మేలు. కెమెరా తన వైపు తిరిగిందని తెలిసిన తల్లి మాట తడబడుతుంది.

మూడవ పని: ఆమె చెప్పగా వినడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక ఇక్కడే పెట్టాలి. ఇద్దరికి మించి వెళ్ళకూడదు, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఉదయం పలహారం అయిన తరువాత, ఎండ ఎక్కకముందు మంచి వేళ. మధ్యాహ్నం భోజనానంతరం ఉక్కపోతలో ఎవరికీ మాట సాగదు. గంటలోపు ముగించి, అవసరమైతే మరొక రోజు వెళ్ళాలి. వినికిడి బాగా ఉన్న చెవి వైపు కూర్చొని, ఫ్యాన్ శబ్దం రికార్డింగ్‌లో పడకుండా ఫోన్‌ను ఆమె దగ్గరగా, గుడ్డ పరిచిన బల్ల మీద ఉంచాలి. ‘మామ్మగారూ’ అనో, ‘అమ్మమ్మగారూ’ అనో, ఆ సంఘంలో ఆమెను ఎలా పిలుస్తారో అలాగే పిలవాలి.

‘మీ విశ్వాస జీవితం గురించి చెప్పండి’ అని అడిగితే సాక్ష్యపు కూడికలో అలవాటైన వాక్యాలే వస్తాయి. అందుకు బదులుగా చిన్న ప్రశ్నలు వేయాలి. మొదట మీకు ప్రార్థన నేర్పినది ఎవరు? ఇంట్లో ఏ మూల మోకరించేవారు? పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు తీరిక ఎప్పుడు దొరికేది? కీర్తనల పుస్తకం చూడకుండా మీరు పాడగలిగే పాట ఏది? గుప్పెడు బియ్యం దేవుని కోసం తీసిపెట్టే అలవాటు మీ ఇంట్లో ఉండేదా? కతోలిక తల్లులను జపమాల గురించి, మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ అనే కతోలిక ప్రార్థన బృందం) గురించి, డిసెంబరు 8న రాస్ హిల్ మీది మరియమాత గుడికి మెట్లెక్కి వెళ్ళిన సంవత్సరాల గురించి అడగాలి. అడగడానికి కష్టమైన ప్రశ్న ఒకటి ఉన్నది, దానిని చివరికి ఉంచుకోవాలి: మీరు అడిగినా జరగనిది ఏమైనా ఉన్నదా? ఆ ప్రశ్న తరువాత వచ్చే మౌనాన్ని మీ మాటలతో నింపవద్దు. విశ్వాసమంటే ఏమిటో ఆ జవాబులో తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

పుట్టిన సంవత్సరం చాలామందికి ఖచ్చితంగా తెలియదు, ఆధార్‌లో ఉన్నది కూడా అంచనాయే కావచ్చు. అందుకని ఊరికి తెలిసిన సంఘటనలను ఆనవాళ్ళుగా వాడుకోవాలి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు జనం ఊరు ఖాళీ చేసి పోయిన సంగతి తల్లి చెప్పగా విన్నారా, తాము చూశారా? 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం జరిగేనాటికి పెళ్ళయిందా, పెద్దబ్బాయి పుట్టాడా? 1971 జనవరిలో ఇందిరా గాంధీ ఆ కర్మాగారం శంకుస్థాపనకు వచ్చినప్పుడు ఎక్కడ కాపురమున్నారు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటుతున్నప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఏమని ప్రార్థించారు? ఇలా అడిగితే కాలక్రమం తెలియడమే కాక, ఊరికి వచ్చిన ప్రతి ఆపదలోనూ ఆమె ప్రార్థన ఎలా సాగిందో కూడా దొరుకుతుంది.

ఆమె యాసను దిద్దకూడదు. ‘ఆ గాలికి కిటికీ తలుపు ఊడిపోనాది, గుంటల్ని మంచం కిందకి తోసీసి నాను మోకాళ్ళ మీద కూకున్నాను’ అని ఒక తల్లి చెబితే, దానిని ‘తుపాను సమయమందు నేను ప్రార్థనలో గడిపితిని’ అని మార్చి రాస్తే మాట మిగులుతుంది, మనిషి పోతుంది. మతిమరుపు వచ్చినవారి విషయంలో ప్రశ్నలు మానివేసి, వారికి తెలిసిన పాత కీర్తన మొదటి చరణం పక్కన కూర్చొని పాడాలి. పేర్లు మరచినవారు కూడా తరచుగా మిగిలిన చరణాలు అందుకుంటారు.

నాల్గవ పని: వస్తువులు, కాగితాలు, రిజిస్టర్లు

ఆమె బైబిలును ఇంటి నుండి తీసుకుపోకూడదు. అక్కడే, కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయాలి. గీతలు గీసిన వచనాలు, అంచులలో రాసిన తేదీలు, పేజీల మధ్య పెట్టిన ప్రార్థన చీటీలు, అతుకులు వేసిన అట్ట, చేతివాటుకు నలిగిన కీర్తనల పుస్తకం అన్నీ తీయాలి. ప్రార్థన చీటీలలో ఇతరుల రోగాలు, ఇంటి తగవులు, అప్పులు ఉంటాయి కనుక వాటిని ఎవరికీ చూపకూడదు, అచ్చువేయకూడదు.

పాత ఫొటోలను ఆరువందల డీపీఐలో స్కాన్ చేయించి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించుకోవాలి. లేకపోతే స్పష్టత పోతుంది. ఒరిజినల్‌కు లామినేషన్ చేయించవద్దు, ఒకసారి అతికిన తరువాత దానిని విడదీయడం అసాధ్యం. సముద్రపు తేమ ఉన్న మన ఊరిలో కాగితాలను గోడకు ఆనించిన ఇనుప బీరువాలో వదిలేస్తే బూజు పడుతుంది. పొడి కవర్లలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో, మూత గట్టి డబ్బాలో ఉంచమని కుటుంబానికి చెప్పాలి. ఫొటో వెనుక పెన్నుతో కాకుండా మెత్తని పెన్సిలుతో, అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుండి కుడికి రాయించాలి. ఆ పేర్లు చెప్పగలిగేది ఆమె ఒక్కరే కావచ్చు.

ఆమె చెప్పినదానిని బాప్తిస్మపు రిజిస్టరుతో, వివాహ రిజిస్టరుతో సరిచూడాలి. రెండూ కలవకపోతే ఆమెను తప్పుపట్టకుండా రెండింటినీ నమోదు చేయాలి. చనిపోయినవారి విషయంలో భూస్థాపన రిజిస్టరు, సమాధి రాయి చూడాలి.

అయిదవ పని: జీవిత చిత్రం రాయడం

ఒక పేజీ, రెండు పేజీలు మించకూడదు. గట్టిగా చదివితే నాలుగైదు నిమిషాలు పట్టాలి. ‘ఆమె గొప్ప విశ్వాసురాలు, ప్రేమగల తల్లి, అందరికీ మాదిరి’ అనే వాక్యంలో పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. అలాంటి వాక్యాన్ని కొట్టివేయాలి. దాని బదులు ఈ విధంగా రాయవచ్చు: ‘పోర్టులో పనిచేసే భర్త పోయిన తరువాత ఆమె ఇంటి ముందు ఇడ్లీ బండి పెట్టారు. పిండి రుబ్బడానికి లేచిన వేళనే ప్రార్థనకు పెట్టుకున్నారు, పొయ్యి అంటుకునేలోగా వీధిలోని ఒక్కొక్క ఇంటి పేరు ఎత్తి ప్రార్థించేవారు. తాగి వచ్చే ఎదురింటి అబ్బాయి పేరు ఆ వరుసలో ఎప్పుడూ మొదటిది.’ ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు, అయినా మనిషి కనబడుతుంది.

స్వస్థతల గురించిన సాక్ష్యాలను ‘ఆమె చెప్పినట్లు’ అని ఆమె మాటగానే రాయాలి. స్వస్థత పొందినవారి పేరు వారి అనుమతి లేకుండా పెట్టకూడదు, వైద్యం జరిగి ఉంటే దానిని దాచకూడదు. కష్టాలను, సంఘంతో వచ్చిన మనస్పర్థలను పూర్తిగా తుడిచివేయవద్దు. కొంతకాలం గుడికి రాకుండా ఉండి తిరిగి వచ్చిన తల్లి కథ ఎప్పుడూ తప్పని తల్లి కథకన్నా కొందరికి ఎక్కువ ధైర్యాన్ని ఇస్తుంది. రాసినది ఆమెకు చదివి వినిపించి, ఆమె తీసేయమన్నది తీసేయాలి.

ఆరవ పని: గౌరవ ఆరాధన

విశాఖలో మే నెల ఉక్క, అక్టోబరు నవంబరులలో వాయుగుండాలు, డిసెంబరు నిండా క్రిస్మస్ కార్యక్రమాలు. సంక్రాంతి సెలవులు ముగిసినప్పటి నుండి శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం లోపు వచ్చే ఒక ఆదివారం అనుకూలమైనది. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థన దినాన్ని స్త్రీల సమాజాలు జరుపుకొనే సంఘాలలో ఆ కూడికతో కలిపినా బాగుంటుంది.

ఆ తల్లులను వేదిక మీద గంటసేపు కూర్చోబెట్టడం గౌరవం కాదు, శిక్ష. కుటుంబంతో పాటు ముందు వరుసలో, ఫ్యాన్ కింద, చేతులున్న కుర్చీలలో కూర్చోబెట్టాలి. ఇంటి నుండి తీసుకురావడానికి, తిరిగి దింపడానికి ఒక్కొక్కరికి ఒక మనిషిని, ఒక వాహనాన్ని ముందే నియమించాలి. మెట్లు, మరుగుదొడ్డి, మంచినీరు ముందురోజే వెళ్ళి చూసుకోవాలి. అందరికీ బిర్యానీ పెట్టినా వారికి ఇడ్లీయో మెత్తని పెరుగన్నమో వేరుగా సిద్ధం చేయాలి. ఈ ఒక్క ఏర్పాటును వారు నెలల తరబడి చెప్పుకుంటారు.

జీవిత చిత్రాన్ని చదవవలసినది సంఘ పెద్ద కాదు, ఆమె ఇంటికి వెళ్ళి ఆమె మాటలు విన్న యువతియే చదవాలి. లూకా సువార్త రెండో అధ్యాయంలోని ప్రవక్త్రి అన్న వృత్తాంతం, లేదా తిమోతి అవ్వ లోయి, తల్లి యునీకే ప్రస్తావన ఉన్న రెండవ తిమోతి మొదటి అధ్యాయం ఆ రోజు పాఠంగా సరిపోతాయి. ఆమెకు ఇష్టమైన కీర్తనను ఆమె పాడే రాగంలోనే పాడాలి; ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లు అచ్చయి ఉన్నా, తరచుగా ప్రతి సంఘంలో ఒక పాత వరస ఉంటుంది, దానిని కీబోర్డు వాయించేవారు ముందుగా ఆమె దగ్గరే నేర్చుకోవాలి. రాజకీయ నాయకులను పిలవవద్దు. వారు వస్తే కార్యక్రమం వారిదైపోతుంది.

తరువాత మైకు ఆమె చేతికి ఇచ్చి, సంఘమంతటి కోసం, ప్రత్యేకంగా పిల్లల కోసం ప్రార్థించమని అడగాలి. ఈ ఆరాధనకు ప్రాణం ఇదే. ఆమె నిలబడనవసరం లేదు, పిల్లలే ఆమె చుట్టూ వచ్చి కూర్చుంటారు. కానుక ఇవ్వాలనుకుంటే మెరిసే శాలువా, గాజు జ్ఞాపిక కాకుండా ఆమెకు పనికివచ్చేది ఇవ్వాలి. మన పొందూరు ఖద్దరు, పెద్ద అక్షరాల బైబిలు, చూపు తగ్గినవారికి బైబిలు వినిపించే చిన్న ఆడియో పరికరం, కంటి పరీక్ష చేయించి కొత్త కళ్ళద్దాలు, వీటిలో ఏది కావాలో కోడలినో కూతురినో అడిగితే చెబుతారు.

మంచం దిగలేని తల్లి కోసం ఈ ఆరాధననే చిన్నదిగా ఆమె ఇంటికి తీసుకువెళ్ళాలి. పదిమంది, రెండు పాటలు, ప్రభువు బల్ల సంస్కారం చాలు.

ప్రభువునందు నిద్రించినవారి విషయం

వీరి జీవిత చిత్రాన్ని కుటుంబం, పొరుగువారు, ప్రార్థన సహచరులు చెప్పగా కూర్చుకోవాలి. నవంబరు 2న సమాధుల పండుగనాడు జ్ఞానాపురంలోనూ, నగరంలోని ఇతర క్రైస్తవ శ్మశాన వాటికలలోనూ కుటుంబాలు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి కనుక, వెనుక ఎవరూ మిగలని తల్లుల సమాధుల బాధ్యతను ఆ రోజు యువజనులకు పంచి ఇవ్వవచ్చు. కతోలిక సంఘాలలో వారి ఆత్మల కోసం పూజ అర్పిస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలలో వారి జీవితాలకై దేవునికి కృతజ్ఞత చెల్లిస్తారు. ఉమ్మడి కార్యక్రమం చేస్తే ఈ భేదాన్ని ముందుగానే మాట్లాడుకోవడం మంచిది.

ఏడవ పని: ఆమె ప్రార్థనను పంచుకోవడం

కార్యక్రమం అయిన వారంలోపు ఈ పని మొదలు కాకపోతే మరి కాదు. ఆమె అనుమతితో ఆమె ప్రార్థన జాబితాలో అందరికీ చెప్పదగిన అంశాలను, అంటే సంఘం, వీధి, సముద్రం మీదకు వెళ్ళేవారు, ఆసుపత్రిలో ఉన్నవారు, పరీక్షలు రాసే పిల్లలు వంటివాటిని, యువతీ యువకులు ఒక్కొక్కటి తీసుకోవాలి. ఒక్కొక్క తల్లికి ఒక యువతిని జతచేసి, వారానికి ఒకసారి వెళ్ళి కలిసి ప్రార్థించే ఏర్పాటు చేయాలి. ఆ యువతి వెళ్ళిందో లేదో స్త్రీల సమాజం నెలకొకసారి అడగాలి. అడిగేవారు లేకపోతే ఇలాంటి ఏర్పాటు పరీక్షల కాలంలోనే ఆగిపోతుంది.

రికార్డింగులను, రాతప్రతులను మూడు చోట్ల ఉంచాలి: కుటుంబం దగ్గర ఒకటి, సంఘ కార్యాలయంలో ఒకటి, ఫోన్‌లు మారినా పోకుండా ఇంటర్నెట్ నిల్వలో ఒకటి. ఫైలు పేరులో ఆమె పేరు, సంఘం పేరు, తేదీ తెలుగులోనే రాసి, తెరిచి చూడగల అధికారం ఎవరికి ఉన్నదో సంఘ మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి. కాపరులు బదిలీ అవుతారు, కమిటీలు మారుతాయి, కనుక ఆ బాధ్యతను మనిషికి కాకుండా స్త్రీల సమాజం కార్యదర్శి పదవికి అప్పగించాలి. మొదటి సంవత్సరం చీటీలలో మిగిలిన పేర్లను కూడా అదే పుస్తకంలో, వయసు ఎక్కువ ఉన్నవారిని ముందు ఉంచి రాసుకుంటే, మరుసటి ఏడాది బృందం ఆ జాబితాతోనే పని మొదలుపెట్టవచ్చు.